రంగూన్ వెళ్లిన ముత్తాత ఏమయ్యారు? నాలుగు కాగితాలు నాలుగు మాటలు చెబుతుంటే ఏది నమ్మాలి

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీ ముత్తాతగారిది రేపల్లె దగ్గర పల్లె. 1930ల్లో రంగూన్ వెళ్లారు. యుద్ధం మొదలయ్యాక నడిచి వస్తూ 1942లో మణిపూర్ అడవుల్లో పోయారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయనకు విడిగా తద్దినం లేదు, మహాలయ అమావాస్యనాడు పెడతారు. కానీ మీకు దొరికిన 1945 నాటి పారీఖత్తు (ఆస్తి పంపకాల దస్తావేజు) నకలులో అన్నదమ్ములతో పాటు ఆయన పేరూ, చివర చేవ్రాలూ ఉన్నాయి. గయలో పండాగారి (తీర్థ పురోహితుడి) పుస్తకంలో 1957లో మీ తాతగారు ఆయనకు పిండప్రదానం చేసినట్టుంది. శిస్తు రశీదులు చూస్తే 1970ల దాకా ఆయన పేరు మీదే ఉన్నాయి. మరణ ధ్రువపత్రం అడిగితే రికార్డు లేదన్నారు. మరి ఆయన ఎప్పుడు పోయారు, అసలు తిరిగొచ్చారా అని అడిగారు.

నేను గుంటూరు జిల్లాలోనే రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లను సర్వీసంతా చూశాను, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చూస్తున్నాను. అందరూ చేసే పని ఒకటే: బతికున్నారని రెండు కాగితాలు, పోయారని రెండు కాగితాలు అని ఓట్లలా లెక్కపెడతారు. అలా తేలదు. ప్రతి కాగితం దగ్గరా ఆగి, ఈ మాట రాసినవాడికి ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాడికి ఎలా తెలుసు, రాయించుకున్నవాడికి ఏం అవసరం అని అడగాలి. అలా అడిగితే మీ నాలుగింట్లో రెండు ఈ విషయంలో అసలు సాక్ష్యాలే కావని తెలుస్తుంది.

తేలికైనవి ముందు తీసేద్దాం. శిస్తు రశీదు, పట్టా మనిషి బతికున్నాడని చెప్పవు. పట్టాదారు పోయాక వారసులు అర్జీ పెట్టుకుని పేరు మార్పించుకోకపోతే ఆ పేరు అలాగే నడుస్తుంది. శిస్తు కట్టేది కొడుకైనా రశీదు తండ్రి పేరుతోనే వస్తుంది. ఎప్పుడో కాలం చేసినవాళ్ల పేర్లతో ఇవాళ్టికీ భూములు నడుస్తున్న జిల్లా మనది. రశీదుల మీద సంవత్సరం బదులు ఫసలీ (జూలైతో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1352 అంటే 1942 జూలై నుంచి 1943 జూన్ దాకా. దీన్ని సరిగ్గా లెక్కకట్టక ఏడాది అటూ ఇటూ అయిపోయి గొడవపడేవాళ్లున్నారు.

మరణాల రిజిస్టరులో లేకపోవడం కూడా అంతే. అప్పట్లో ఊళ్లో జరిగిన జనన మరణాలు గ్రామాధికారి రాసేవాడు. బర్మాలోనో, దారిలోనో పోయిన మనిషి మీ ఊరి రిజిస్టరులో ఎందుకుంటాడు? ఉంటేనే అనుమానించాలి. పైగా 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఆ పుస్తకాలు ఇళ్ల నుంచి ఆఫీసులకు చేరాయి. చేరినవి చేరాయి, కొన్ని కరణాల ఇళ్లలో అటకల మీదే ఉండిపోయాయి. రేపల్లె వైపు అయితే 1977 ఉప్పెనలో తడిసిపోయాయనే మాట కూడా వింటారు. అందులో కొంత నిజం, కొంత వెతకడానికి బద్ధకం. ఇంకొకటి, 2022 ఏప్రిల్ నుంచి రేపల్లె బాపట్ల జిల్లా కిందికి వెళ్లింది కాబట్టి రెవెన్యూ అర్జీలు గుంటూరు కలెక్టరేట్‌కు పెట్టుకుని టైమ్ వేస్ట్ చేసుకోకండి.

ఇక అసలు చిక్కంతా 1945 పారీఖత్తులో ఉంది. ఇక్కడ నిదానంగా చదవండి.

మీ చేతిలో ఉన్నది నకలు. పాత రోజుల్లో దస్తావేజు రిజిస్టరు చేశాక అసలు కాగితం పార్టీకి తిరిగి ఇచ్చేసేవారు. ఆఫీసులో మిగిలేది ఒకటవ పుస్తకం అనే రిజిస్టరులో గుమాస్తా చేత్తో ఎక్కించిన ప్రతి. కాబట్టి మీరు చూసిన ‘చేవ్రాలు’ మీ ముత్తాతగారి చేతిరాత కాదు. అసలులో ఫలానా చోట ఫలానా పేరుతో సంతకం ఉందని గుమాస్తా రాసుకున్న మాట అది. రంగూన్ నుంచి ఆయన రాసిన ఉత్తరంతో దాన్ని పోల్చి చూశానని మీరు రాశారు. ఆ పోలిక దేనికీ పనికిరాదు.

పనికొచ్చేది పేజీ అంచున ఉంటుంది. దస్తావేజు మజ్కూరు, అంటే అందులోని అసలు విషయం, పేజీ మధ్యలో ఎక్కిస్తే, సబ్ రిజిస్ట్రార్ ఎదుట జరిగిన తతంగమంతా అంచున ఎక్కిస్తారు. ఏ రోజు ఏ గంటలో ఎవరు దాఖలు చేశారు, ‘వ్రాసి ఇచ్చినట్లు ఒప్పుకొన్నది’ అని కింద ఎవరెవరి పేర్లు, వారి ఎడమ బొటనవేలి గుర్తు, ఆ కింద ‘నిరూపించినది’ అని వాళ్లను గుర్తుపట్టి చెప్పిన ఇద్దరి పేర్లు. మజ్కూరులో పేరున్న ప్రతివాడూ ఆఫీసుకు వచ్చినట్టు కాదు. దస్తావేజు రాసుకున్న తేదీ వేరు, రిజిస్టరైన తేదీ వేరు. మామూలుగా నాలుగు నెలల్లోపు దాఖలు చేయొచ్చు. ఆలోగా ఒకరు చనిపోతే వారి ప్రతినిధి వచ్చి ఒప్పుకోవచ్చు, అదీ అంచునే రాసి ఉంటుంది. ఎవరైనా హాజరు కాకపోతే వాళ్ల వరకు రిజిస్ట్రేషన్ నిరాకరించామని రాసి, మిగతావాళ్ల వరకు చేసిన దస్తావేజులూ ఉన్నాయి. మీరు పెట్టిన ఫోటోలో మజ్కూరు మాత్రమే కనిపిస్తోంది, ఎడమ పక్క మడతలో పడిపోయింది. సమాధానంలో సగం ఆ మడతలో ఉంది.

అంచున ఆయన పేరుకు ఎదురుగా ‘ఏజంటు’ అనో, ముక్త్యారు (ఆయన తరఫున సంతకం పెట్టే అధికారం పొందినవాడు) అనో ఉంటే దస్తావేజు ఏ నెలదో చూడండి. బర్మా 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడిపోయింది. 1942 మార్చి నుంచి రంగూన్ జపాన్ చేతిలో ఉంది. బ్రిటిష్ వాళ్లు మళ్లీ అందులో అడుగుపెట్టింది 1945 మే 3న. ఈ మధ్యలో రంగూన్ నుంచి తెనాలికో రేపల్లెకో ముక్త్యారునామా (ఆ అధికారం ఇచ్చే పత్రం) రావడం అయ్యే పని కాదు. యుద్ధానికి ముందు ఇచ్చిన పాతది అయి ఉండాలి. అలాంటిది వాడుకున్నారంటే ఆయన అప్పటికి బతికున్నారని కాదు, పోయినట్టు ఎవరికీ రూఢిగా తెలియదని మాత్రమే అర్థం.

ఏజంటు లేకుండా ఆయనే వచ్చి వేలిముద్ర వేసినట్టు ఉంటే? అప్పుడు మొదట అనుమానించాల్సింది అదే పేరున్న ఇంకో మనిషిని. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. ముగ్గురు అన్నదమ్ములు ఉంటే ముగ్గురూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టుకుంటారు. అలా ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ముగ్గురు ఒకే ఊళ్లో తయారవుతారు. ఊళ్లో పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య, నల్ల సుబ్బయ్య అని పిలుచుకుంటారు, దస్తావేజులో మాత్రం అందరూ సుబ్బయ్యలే. తేడా తెలిసేది తండ్రి పేరు దగ్గర. అది కూడా దత్తత వెళ్లినవాడైతే మారిపోతుంది, ఇల్లరికం వెళ్లినవాడైతే ఊరు మారిపోతుంది. మీ నకలులో ఆయన పేరు పక్కన తండ్రి పేరు, వయసు ఏమున్నాయో మీరు రాయలేదు. ఆ రెండూ ముందు చూడండి. రిజిస్టరు ఆఫీసులో వేలిముద్రల పుస్తకం వేరే ఉంటుంది. అందులో ఉండేది నకలు కాదు, అసలు ముద్ర. అదే పేరుతో 1930కి ముందు ఏదైనా అమ్మకమో తనఖానో ఆయన చేసి ఉంటే ఆ ముద్రా, ఈ ముద్రా ఒకటేనా అన్నది నిపుణులు చెప్పగలరు. దొరుకుతుందా అంటే, ఆ పాత సంపుటం ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇంకో చిన్న గుర్తు ఉంది, చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. 1945లో మీ తాతగారు మైనరు. మైనరుకు సహజంగా గార్డియన్ తండ్రి. పారీఖత్తులో మీ తాతగారి పేరు విడిగా వేసి ‘మైనరు, గార్డియను తల్లి’ అని ఉంటే ఆ సమయానికి తండ్రి లేడనో, ఉన్నాడో లేడో తెలియదనో ఊరంతా ఒప్పుకున్నట్టే. తండ్రి పేరుకు ముందు ‘లేటు’ అని ఉందా, మీ ముత్తవ్వగారిని ‘భార్య’ అన్నారా ‘విధవ’ అన్నారా, ఇవీ చూడండి. దస్తావేజు రాసే లేఖరి ఆ ఊరివాడే అయి ఉంటాడు, ఈ మాటలు అతను ఊరికే రాయడు.

గయ పేజీకి వద్దాం. ముందు 1957 అన్నది పేజీ మీద ఉందా, పండాగారు చెప్పారా? చాలా పేజీల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. 1957-58 హేవిళంబి. అరవై ఏళ్ల వెనక 1897-98 కూడా హేవిళంబే. మీ తాతగారికి వాళ్ల తాతగారి పేరే పెట్టారని మీరే రాశారు. అంటే ఆ పేజీలో ఉన్నది మీ తాతగారు కాక, ఆయన తాతగారు వచ్చి తమ పెద్దలకు పెట్టిన పిండం కూడా కావచ్చు. ఇది తేల్చడం కష్టం కాదు. ఆ పేజీలో వెంట వచ్చినవాళ్ల పేర్లు, భార్య పేరు, పిల్లల పేర్లు ఉంటాయి. మీ నాయనమ్మగారి పేరు ఉంటే 1957, లేకపోతే వెనక్కి వెళ్లాలి. యాత్రికులు తమ చేత్తో సంతకం చేసే అలవాటు ఉంది కాబట్టి మీ తాతగారి చేతిరాత ఇంట్లో ఏ పద్దుల పుస్తకంలోనో ఉంటే పోల్చండి. ఇక్కడ మాత్రం పోలిక పనికొస్తుంది, ఎందుకంటే ఇది అసలు.

అది 1957దే అయితే, చనిపోయిన ఏడాది అదేనని అనుకోకండి. ఆచూకీ లేని మనిషి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ చేయడం శాస్త్రం. 1942లో వార్త ఆగిపోతే పన్నెండేళ్లు నిండేది 1954లో. ఆ తర్వాత తాతగారికి కాస్త చేతిలో డబ్బు ఆడాక గయ వెళ్లి ఉంటారు. లెక్క అతికినట్టు సరిపోతోంది. మహాలయ అమావాస్యనాడు తప్ప ఆయనకు తిథి లేకపోవడం కూడా దీనికే బలం. పోయిన రోజు తెలిస్తే ఆ తిథికి తద్దినం పెట్టేవాళ్లు. తెలియనివాళ్లకే అమావాస్యో, బహుళ ఏకాదశో. దారిలో ఫలానా రోజు పోయారని ఎవరైనా రూఢిగా చెప్పి ఉంటే ఈ ఏర్పాటు ఉండేది కాదు. అయితే ఒక మాట, మీ ఇంట్లో మిగతా పెద్దలకు కూడా విడిగా తిథులు లేకుండా అందరికీ సంక్రాంతి పెద్దల పండుగకో, మహాలయానికో కలిపి పెట్టే అలవాటు ఉంటే ఈ వాదనకు బలం లేదు. ఆ సంగతి మీకే తెలియాలి.

ముత్తవ్వగారి ఫోటో ఉందా? పాతకాలపు పెళ్లి గ్రూప్ ఫోటో ఏదైనా? 1940ల చివర్లో తీసిన ఫోటోలో ఆవిడ బొట్టూ గాజులతో ఉంటే ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారన్న మాట. కోర్టు కాగితం కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. కోర్టు మాట వచ్చింది కాబట్టి, తెనాలి కోర్టులో దావా ఏదైనా నడిచి ఉంటే ఆ తీర్పు నకలు తీయండి. కానీ ఏడేళ్లుగా వార్త లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చన్నదే చట్టం చెప్పేది. ఫలానా రోజు పోయారని ఆ భావన చెప్పదు. తీర్పు తేదీని మరణ తేదీగా వంశవృక్షంలో ఎక్కించుకున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు ఇంట్లో చెప్పుకునే కథను కూడా కాగితంలాగే పరీక్షించండి. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, నగరం 1942 మార్చి 8న జపాన్ వశమైంది. మధ్యలో స్టీమర్ దొరికినవాళ్లు దొరికినట్టు వచ్చేశారు. టిక్కెట్టు కొనలేని కూలీజనం, రేవులో పనిచేసే మన తెలుగువాళ్లు ఎక్కువగా నడకదారి పట్టారు. ఒక దారి ప్రోమ్ మీదుగా కొండలు దాటి టౌంగప్, అక్కడి నుంచి ఆరకాన్ తీరం వెంట చిట్టగాంగ్. ఇంకోటి చింద్విన్ నది దాటి తాము, పాలెల్, ఇంఫాల్ మీదుగా డిమాపూర్ రైలుస్టేషన్ దాకా. దారి పొడుగునా కలరా, మలేరియా. మే నెలలో వానలు పట్టుకున్నాక చావులు ఇంకా పెరిగాయి. నడిచినవాళ్లు లక్షల్లో, పోయినవాళ్లు వేలల్లో. వాళ్ల పేర్లు రాసుకున్నవాళ్లు లేరు. రంగూన్ దగ్గరున్న టౌక్యాన్ యుద్ధ స్మారకంలో ఉన్నవి సైనికుల పేర్లు, అందులో వెతికి దొరకలేదని టెన్షన్ పడకండి.

మీ ఇంటి కథలో ‘మణిపూర్’ అన్న మాట ఉండటం నాకు ముఖ్యంగా తోస్తోంది. రేపల్లె పక్క పల్లెలో ఆ రోజుల్లో కూర్చుని కథ అల్లేవాళ్ల నోట మణిపూర్ రాదు, బర్మా అడవుల్లో అంటారు. అంటే ఆ దారిన నడిచి వచ్చిన మనిషి ఎవరో కబురు తెచ్చాడు. ఏమని తెచ్చాడన్నదే ప్రశ్న. ‘నడవలేక వెనకబడిపోయాడు, మేం ముందుకొచ్చేశాం’ అన్న మాట రెండు తరాలు తిరిగేసరికి ‘అడవిలో పోయాడు’ అయిపోతుంది. కబురు తెచ్చినవాడికి కూడా అలా చెప్పడమే తేలిక. తోటివాణ్ణి బతికుండగా వదిలేసి వచ్చానని ఎవరూ ఆ ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పలేరు.

మూడో అవకాశం ఒకటి ఉంది, ఇంట్లో పెద్దలకు నచ్చదు. ఆయన బతికి అక్కడే ఉండిపోయి ఉండొచ్చు. బర్మాలో ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964 నాటికి వ్యాపారాలు జాతీయం చేశాక లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. ఆ కుటుంబాల్లో మన ఇంటిపేర్లు చాలానే కనబడతాయి. 1943 తర్వాత నేతాజీ సైన్యంలో చేరిన తెలుగు కూలీలూ ఉన్నారు. ఆ కాగితాలు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. ఇంటిపేరు లేకుండా, ఇంగ్లిషు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. వెతకమని చెబుతున్నానే కానీ, మీ విషయంలో దీని మీద పెద్ద ఆశ లేదు. బతికుంటే 1945 తర్వాత, దారులు తెరుచుకున్నాక, ఒక్క ఉత్తరమైనా వచ్చేది. అంతకుముందు ఉత్తరాలు రాసే అలవాటున్న మనిషే కదా.

నా అంచనా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆయన తిరిగి రాలేదు. 1942లో మణిపూర్ దారిలో తోటివాళ్ల నుంచి విడిపోయారు, అక్కడితో వార్త ఆగిపోయింది. చావు ఎవరూ కళ్లారా చూడలేదు. 1945 దస్తావేజులో ఉన్నది ఏజంటు అయినా అయి ఉండాలి, అదే పేరున్న పినతండ్రి కొడుకైనా అయి ఉండాలి. అంచున ఉన్న రాత చదివాక ఇది మారితే మారొచ్చు. వంశవృక్షంలో ప్రస్తుతానికి ‘1942 వేసవి తర్వాత వార్త లేదు’ అని రాసుకోండి. 1942 పక్కన చుక్క పెట్టి ‘మరణం’ అని రాస్తే రేపు మీ పిల్లలు దాన్నే ఆధారం అనుకుంటారు.

చేయాల్సిన పని: కంప్యూటర్‌లో దొరికే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) 1983 నుంచే కాబట్టి దాని జోలికి పోకుండా, మీ దగ్గర ఉన్న దస్తావేజు నంబరు, సంవత్సరం, సంపుటం, పేజీ నంబర్లతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలుకు అర్జీ పెట్టండి. అంచున ఉన్న ఎండార్స్‌మెంట్లతో సహా కావాలని అర్జీలోనే రాయండి. ఆ రోజుల్లో మీ ఊరు ఏ ఆఫీసు పరిధిలో ఉందో కనుక్కుని వెళ్లండి, ఇప్పటి పరిధి వేరు కావచ్చు. అదే అర్జీతో పాటు 1925 నుంచి 1960 దాకా ఆ ఇంటిపేరుతో పేర్ల ఇండెక్సు కూడా వెతికించండి. ఫీజు పెద్దగా ఉండదు, ఓపికే కావాలి. ఆ ఇండెక్సులో అదే పేరుతో వేరే తండ్రి కొడుకు ఒక్కడు తగిలినా సగం చిక్కు విడిపోతుంది.

ఈలోగా విజయవాడలో ఉన్న మీ మేనత్తగారిని కలవండి, వయసు పైబడిందన్నారు. ముత్తాతగారు ఎప్పుడు పోయారని ఆవిడను అడగొద్దు, ఇంట్లో అందరూ చెప్పే కథే ఆవిడా చెబుతారు. కబురు తెచ్చిందెవరు, ఏ ఊరివాడు, అతని పిల్లలు ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. నకలు చేతికొచ్చాక అంచు స్పష్టంగా పడేలా ఫోటో తీసి పెట్టండి, సర్వే నంబర్లు, బతికున్నవాళ్ల పేర్లు కనబడకుండా చూసుకోండి. గొలుసుకట్టు రాత చదవడం కష్టమైతే నేను చదివి పెడతాను.